కెనాన్ 5డి మార్క్ త్రీ: పన్నెండేళ్ల పెళ్లిళ్ల తర్వాత

2013లో మాఘమాసం ముహూర్తాలకు ముందు ఈ కెమెరా కొన్నాను. బాడీ ఒక్కదానికే రెండు లక్షలకు పైన పడింది. నా దగ్గర సగమే ఉంటే మిగతాది మా మిత్రుడు సర్దాడు. వేసవి ముహూర్తాలు ముగిసేసరికి అతనూ ఇదే కెమెరా తీసుకున్నాడు, అప్పుడు సగం నేను సర్దాను. ఆనాటి నుంచి రాజమండ్రి కేంద్రంగా ఇద్దరం కలిసే పెళ్లిళ్లు తీశాం. ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న కుర్రాళ్లు, పాత మార్క్ త్రీ తక్కువ ధరకు దొరుకుతోంది, కొనమంటారా అని అడుగుతున్నారు. కొనమనే చెబుతాను. కొనేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఇది 2012లో వచ్చిన కెమెరా. ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్ము ముక్కంత సెన్సర్, 22.3 మెగాపిక్సెళ్లు, 61 ఫోకస్ పాయింట్లు, సెకనుకు 6 ఫ్రేములు. ఇవాళ్టి మిర్రర్‌లెస్ కెమెరాల పక్కన పెడితే చిన్న అంకెలే. అయినా పెళ్లిళ్లకు వేసే కరిజ్మా ఆల్బమ్‌లో 12 బై 36 అంగుళాల షీటు నిండా ఒకే ఫొటో పరిచినప్పుడు కూడా ఇవి చాలలేదని నాకు ఎన్నడూ అనిపించలేదు.

అసలు పరీక్ష జీలకర్ర బెల్లం దగ్గర. మా వైపు సుముహూర్తాలు చాలావరకు రాత్రి పూటే. పురోహితుడు గడియారం చూస్తూ ఉంటాడు. మధ్యలో తెర, అటు పెళ్లికూతురు, ఇటు పెళ్లికొడుకు. ఆయన చెయ్యి ఎత్తగానే గట్టిమేళం మొదలవుతుంది, ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు, తెర దిగుతుంది, ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు రెండు మూడు సెకన్లు, అంతే. ఆ తర్వాత ఎవరో నవ్విస్తారు, ఎవరో అక్షింతలు చల్లుతారు, ముఖాలు పక్కకు తిరిగిపోతాయి. అందుకే నేను ఎప్పుడూ పెళ్లికొడుకు వెనుక నిలబడేవాణ్ణి, అతని భుజం మీదుగా పెళ్లికూతురి కళ్లు కనిపించేలా. మా మిత్రుడు ఆమె వెనుక నిలబడి పెళ్లికొడుకు ముఖం పట్టేవాడు. నేను ఒక అడుగు ముందుకు వేస్తే అతని ఫొటోలో పడతాను, అతను వేస్తే నా ఫొటోలో. ఆ గీత ఎక్కడుందో మాకు మాట్లాడుకోకుండానే తెలిసేది. ఆ మూడు సెకన్లలో ఈ కెమెరా ఫోకస్ మీద నాకు అనుమానం రాలేదు. మధ్య పాయింట్‌ను కంటి మీద ఉంచితే, మసక వెలుతురులోనూ కంటినే పట్టింది. సైలెంట్ మోడ్‌లో వేగం సెకనుకు 3 ఫ్రేములకు తగ్గుతుంది, చప్పుడు మాత్రం బాగా అణుగుతుంది. కన్యాదానం వేళ తండ్రి కళ్లు తుడుచుకుంటున్నప్పుడు, అతని చెవి పక్కన టపటపమని మోగని కెమెరా ఎంత విలువైనదో ఆ ఫొటోలు తీసినవారికి తెలుస్తుంది.

తక్కువ వెలుతురులో తీయడానికి పెంచుకునే ఐఎస్ఓను 6400 వరకు నిశ్చింతగా వాడతాను. 12,800 గత్యంతరం లేనప్పుడే. ఈ సంగతి నాకు బాగా తెలిసింది మండపంలో కాదు, లేపాక్షిలో. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గనుక ఏటా ఇద్దరం ఎటైనా బయలుదేరేవాళ్లం. ఒక ఏడు గండికోట వెళ్లి పెన్నా లోయ చూసుకుని, అటు నుంచి లేపాక్షి చేరాం. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి, మేము తీసుకోలేదు. వీరభద్రాలయం పైకప్పు కింద ఇద్దరం నేల మీద వెల్లకిలా పడుకుని, ఐఎస్ఓ పెంచి చేత్తోనే తీశాం. పైన విజయనగర కాలపు చిత్రాల్లో పార్వతీపరమేశ్వరుల కల్యాణం ఉంది. బారులు తీరిన పెళ్లివారు, వాళ్ల చీరల అంచులు, ఒక్కొక్కటి ఒక్కో తీరు. ఎవరూ ఒకరి ముఖాన్ని ఒకరు కప్పేయలేదు. "చూడరా, గ్రూప్ ఫొటో ఎంత చక్కగా నిలబెట్టారో" అన్నాడు మా మిత్రుడు. ఆ తర్వాత బంధువుల గ్రూప్ ఫొటో తీసిన ప్రతిసారీ, వెనుక వరుసలో ఎవరి ముఖం దాగిపోయిందో వెతకడం నాకు అలవాటైంది.

ఇక ఫొటోలు దాచే మెమరీ కార్డుల సంగతి. ఈ కెమెరా కొనడానికి ఇదొక్కటే కారణమైనా సరిపోతుంది. ఇందులో రెండు స్లాట్లు ఉన్నాయి, ఒకటి సీఎఫ్ కార్డుకు, ఒకటి ఎస్‌డీ కార్డుకు. ఎస్‌డీ స్లాట్ నెమ్మది, అందులోనూ రాయిస్తే వరుస ఫొటోలు తీసేటప్పుడు కెమెరా త్వరగా ఆగిపోతుంది. అందువల్ల మొదట్లో నేను దాన్ని ఖాళీగా ఉంచేవాణ్ణి. మా మిత్రుడు ఊరుకోలేదు. "వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోరు" అని, తన కార్డు తెచ్చి నా కెమెరాలో పెట్టాడు, రెండింటిలోనూ ఒకే ఫైలు పడేలా తానే మార్చాడు. ఆ శ్రావణంలో అన్నవరం కొండ మీద ఒక పెళ్లి తీశాం. రత్నగిరి మీద శ్రావణంలో ఒకే రాత్రి ఎన్నో పెళ్లిళ్లు, ఈ మేళం ఆగకముందే పక్క మేళం మొదలవుతుంది. తెల్లవారుజామున రైలెక్కి ల్యాప్‌టాప్‌లో సీఎఫ్ కార్డు పెడితే తెరుచుకోలేదు. తీసి తుడిచి పెట్టాను. తెరుచుకోలేదు. నాకు చేతులు చల్లబడ్డాయి. అతను ఏమీ అనకుండా నా కెమెరా అందుకుని, ఎస్‌డీ కార్డు తీసి పెట్టాడు. మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ ఉన్నాయి. రాజమండ్రి వచ్చేవరకు నేను మాట్లాడలేకపోయాను. ఆ తర్వాత ఎస్‌డీ కార్డు లేకుండా ఒక్క పెళ్లికీ వెళ్లలేదు.

పెళ్లికి వెళ్లే దారిలో ఇంకో పని ఉండేది. రెండు కెమెరాల గడియారాలూ ఒకే సెకనుకు కలపాలి. లేకపోతే ఆల్బమ్‌కు ఫొటోలు వరుస పెట్టేటప్పుడు తాళి కట్టకముందే తలంబ్రాలు వచ్చేస్తాయి. రైల్లో ఎదురెదురుగా కూర్చుని, ఒకడు "ఇప్పుడు" అనగానే ఇద్దరం బటన్ నొక్కేవాళ్లం.

బరువు మాత్రం ముందే చెప్పాలి. బ్యాటరీ, కార్డుతో కలిపి 950 గ్రాములు. దూరాన్ని దగ్గర చేసే 70-200 ఎఫ్2.8 జూమ్ లెన్సు రెండో వెర్షన్ మరో 1,490 గ్రాములు. పెద్ద లెన్సు తగిలిస్తే రెండున్నర కిలోలకు కొంచెం తక్కువ. ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా దాన్ని మోసిన భుజం నలభై దాటాక లెక్క చెబుతుంది. అర్ధరాత్రి అయ్యేసరికి ఒకరి లెన్సు ఒకరం మార్చుకునేవాళ్లం. ఒక్కరే పనిచేసేవారు చిన్న లెన్సులతో సరిపెట్టుకోవడం మంచిది.

స్క్రీన్ కదలదు, నేల మీది నుంచి తీయాలంటే పడుకోవలసిందే. వైఫై లేదు. వీడియో ఫుల్ హెచ్‌డీ వరకే. పెళ్లి వీడియోలు కూడా తీయాలనుకుంటే ఇది వద్దు, వేరేది చూడండి. పాతది కొనేవారు ముందుగా సీఎఫ్ స్లాట్ లోపలికి టార్చి వేసి చూడండి, కార్డు వంకరగా తోస్తే సన్నని పిన్నులు వంగిపోతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. అది 1,50,000 సార్లు పనిచేస్తుందని కంపెనీ చెప్పిన లెక్క. నాది 2,10,000 దాటాకే మార్పించాను. పట్టు దగ్గర రబ్బరు రెండుసార్లు అతికించాను. డయల్ మీది గీతల్లో పసుపు ఇంకిపోయింది, ఎంత తుడిచినా పోదు. బ్యాగు అడుగున తలంబ్రాల బియ్యం ఎప్పుడూ నాలుగు గింజలైనా ఉంటాయి.

రెండేళ్ల కిందట మా మిత్రుడు భుజం నొప్పితో ఈ పని మానేసి హైదరాబాద్‌లో పిల్లల దగ్గరకు వెళ్లిపోయాడు. వెళ్లే ముందు తన మార్క్ త్రీ నాకు ఇచ్చాడు. డబ్బు తీసుకోమంటే తీసుకోలేదు. ఇప్పుడు నాతో వచ్చే కుర్రవాడు పెళ్లికూతురి వెనుక నిలబడి ఆ కెమెరాతోనే తీస్తున్నాడు. ఈ కెమెరా మెనూలో కాపీరైట్ అనే చోట తీసినవారి పేరు రాసుకోవచ్చు, ప్రతి ఫొటో ఫైలులోనూ ఆ పేరు నమోదవుతుంది. అక్కడ ఇంకా అతని పేరే ఉంది. నేను మార్చలేదు.