డేటా ఆఫ్‌లో ఉండగా పోయిన అమ్మ ఫోన్: సంచార్ సాథీ, ఫైండ్ హబ్ ఎంతవరకు పనికొచ్చాయి

ఇంటర్నెట్ లేని ఫోన్ పోతే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే అని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను, కానీ మా అమ్మ ఫోన్ దొరికింది. ఫోన్ పెట్టె మీద ఉన్న 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు), దాంతో టెలికం శాఖ వాళ్ల సంచార్ సాథీలో పెట్టిన రిక్వెస్టు, ఈ రెండింటి వల్లే దొరికింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా అమ్మ బయటికి వెళ్తే డేటా ఆన్ చెయ్యదు. ఇంట్లో వైఫై ఉన్నంతసేపే వాట్సాప్, గడప దాటితే ఫోన్ అంటే మాట్లాడుకోవడానికే. వరలక్ష్మీ వ్రతం ముందురోజు పూల కోసం వైజాగ్‌లో పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, జగదాంబ దగ్గర సర్వీస్ ఆటో ఎక్కి ఇసుకతోటలో దిగింది. గుమ్మంలో నిలబడి సంచిలో బంతిపూలన్నీ నేల మీద కుమ్మరించి, "ఏటే, సంచిలో ఫోన్ నేదు" అంది. అందులో తను వేయించే చీటీ లెక్కల ఫొటోలున్నాయి, ఎవరు కట్టారు ఎవరు కట్టలేదు అన్నీ. ఫోన్ ధర కంటే దానికే ఎక్కువ టెన్షన్ పడింది.

నేను వెంటనే ఫోన్ చేశాను, రింగయింది, ఎవరూ ఎత్తలేదు. రెండోసారి కట్ చేశారు. మూడోసారి స్విచాఫ్. కాల్ వెళ్లడానికి డేటా అక్కర్లేదు కాబట్టి మొదటి పది నిమిషాలు కాల్ చేస్తూనే ఉండటం మంచి పనే, ఎత్తినవాళ్లు మంచివాళ్లయితే అక్కడితో అయిపోతుంది. మాకు అలా జరగలేదు.

తర్వాత గూగుల్ ఫైండ్ హబ్, పోయిన ఆండ్రాయిడ్ ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించేది. ఇంతకుముందు దీన్ని ఫైండ్ మై డివైస్ అనేవాళ్లు, 2025లో పేరు మార్చారు. ఫోన్‌కి నెట్ లేకపోయినా చుట్టుపక్కల వేరేవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లు బ్లూటూత్‌లో దాన్ని గుర్తించి, అది ఎక్కడుందో మనకి చేరవేసే పద్ధతి 2024లో తెచ్చారు. వినడానికి మన పరిస్థితికి సరిగ్గా సరిపోయేదే. కానీ అమ్మ జీమెయిల్ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఫోన్ కొన్నప్పుడు షాపులో అబ్బాయి పెట్టేశాడు. మర్చిపోయాను అని నొక్కితే ఓటీపీ పోయిన నంబరుకే వెళ్తోంది! డూప్లికేట్ సిమ్ వచ్చాక ఎలాగో లోపలికి వెళ్తే మ్యాప్‌లో మా ఇల్లే చూపించింది, వైఫైలో ఉన్నప్పుడు చివరిసారి పడిన చోటు. కారణం తర్వాత తెలిసింది, ఆఫ్‌లైన్‌లో వెతకాలంటే ఫోన్‌కి స్క్రీన్ లాక్ ఉండాలి, పిన్ గానీ ప్యాటర్న్ గానీ. అమ్మ ఫోన్‌కి లాకే లేదు. పైగా స్విచాఫ్ చేసిన ఫోన్‌ని వెతకడం చాలా మోడళ్లలో కుదరదు.

అయినా ఫైండ్ హబ్‌లోకి వెళ్లడం దండగ కాలేదు. అందులో ఫోన్ పేరు పక్కన వివరాలు తెరిస్తే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. బిల్లు, పెట్టె రెండూ పారేసుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మాకు తర్వాత అటక మీద పెట్టె కూడా దొరికింది, సరిచూస్తే అదే నంబరు.

ఈలోపు ఒక రిపేర్ షాపులో అడిగితే, ఐఎంఈఐ ఇవ్వండి, 1,500 ఇవ్వండి, నెట్ లేకపోయినా సాయంత్రానికి లొకేషన్ చెప్పేస్తాం అన్నారు. ఇంచుమించు ఇచ్చేసేదాన్నే. దయచేసి ఎవరూ ఇవ్వకండి. ఐఎంఈఐ ఏ టవర్ మీదకి వచ్చిందో తెలిసేది టెలికం కంపెనీలకి, వాళ్ల ద్వారా పోలీసులకి. షాపుల్లో ఆ సమాచారం ఉండదు. "మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లూ అంతే, పిన్ అడిగితే మోసమే.

ఇక అసలు విషయం. సంచార్ సాథీ టెలికం శాఖ వాళ్లది, పోర్టల్ 2023 మేలో వచ్చింది, 2025 జనవరి నుంచి యాప్ కూడా ఉంది. అందులో పోయిన ఫోన్లని బ్లాక్ చేసే భాగాన్ని సీఈఐఆర్ అంటారు. ముందు కస్టమర్ కేర్‌కి చెప్పి సిమ్ ఆపించాం (యూపీఐ ఉంటే ఇది ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకండి), తర్వాత స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చాం, అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నాం. కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు, ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే, అందుకని సిమ్ మొదటి రోజే తీసుకుంటే ఒక రోజు కలిసొస్తుంది. స్టేషన్‌లో రైటర్ గారు చాలా ఓపిగ్గా చెప్పారు, "రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎంఈఐలు ఉంటాయమ్మా, రెండూ రాయండి" అని. నేను ఒకటే రాసుకెళ్లాను, ఆయన చెప్పకపోతే రెండోది వదిలేసేదాన్ని.

ఫారంలో ఆ నంబర్లు, ఎక్కడ ఎప్పుడు పోయింది, కంప్లైంట్ కాపీ, బిల్లు, అమ్మ గుర్తింపు కార్డు, అంతే. చివర్లో ఒక రిక్వెస్ట్ ఐడీ ఇస్తారు, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా కాగితం మీద కూడా రాసుకోండి, స్టేటస్ చూడాలన్నా, తర్వాత అన్‌బ్లాక్ చెయ్యాలన్నా అదే కావాలి. బ్లాక్ అయ్యాక ఆ ఫోన్‌లో ఏ కంపెనీ సిమ్ వేసినా దేశంలో ఎక్కడా పనిచెయ్యదు. ఎవరైనా సిమ్ వేసి చూస్తే ఆ సమాచారం పోలీసులకి చేరుతుంది. డేటా ఆన్‌లో ఉందా లేదా అన్నదానితో దీనికి సంబంధమే లేదు, నాకు నచ్చింది అదే.

తర్వాత రెండు నెలలు ఏమీ లేదు. అమ్మ ఇంటింటికీ వెళ్లి చీటీ లెక్క అడిగి నోట్‌బుక్‌లో మళ్లీ రాసుకుంది. దీపావళి వెళ్లిన వారం స్టేషన్ నుంచి ఫోన్, వచ్చి తీసుకెళ్లమని. అనకాపల్లి వైపు ఒక పెయింటర్ బిల్లు లేకుండా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట, సిమ్ వేస్తే నెట్‌వర్క్ రాలేదట. పాపం అతని డబ్బులూ పోయాయి. పాత ఫోన్ కొనేవాళ్లు ముందే కేవైఎమ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కి మెసేజ్ పెడితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలిసిపోతుంది. ఫోన్ ఇంటికొచ్చాక పోర్టల్‌లో అన్‌బ్లాక్ రిక్వెస్ట్ మనమే పెట్టాలి. ఫొటోలు మాత్రం లేవు, ఫార్మాట్ చేసేశారు.

సంచార్ సాథీకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. టైమ్ పడుతుంది, పోయిన డేటా తిరిగి రాదు, కానీ ఉచితం, ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు.

ఫైండ్ హబ్‌కి మూడు. ఫోన్ వచ్చాక లాక్ పెట్టి, బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేసి, ఆఫ్‌లైన్ సెట్టింగ్‌ని అన్ని ప్రాంతాల్లోనూ వెతికేలా మార్చాను. మామూలుగా అది జనం బాగా ఉన్న చోట్ల మాత్రమే అని ఉంటుంది. ఆదివారం సాయంత్రం డేటా, వైఫై రెండూ ఆపేసి అమ్మకి ఫోన్ ఇచ్చి ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కూర్చోబెట్టాను. నేను ఇంట్లో చూస్తుంటే పావుగంటలో బీచ్ రోడ్డు మీద చుక్క వచ్చింది, గుడికి కాస్త అవతల. తర్వాత వారం పొద్దున్నే, జనం తక్కువుండే యారాడ వైపు వెళ్లినప్పుడు తమ్ముడితో చూడమన్నాను. మధ్యాహ్నం మేం సింధియా జంక్షన్‌కి తిరిగొచ్చే దాకా వాడికి ఏమీ కనపడలేదట.