మా నాన్నకి ఛాతీ ఆపరేషన్ తర్వాత నొప్పి ఎలా చూసుకున్నారంటే, విజయనగరం

ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టేస్తే పోయిన నెల ఇక్కడే ఒక ప్రైవేట్ హాస్పిటల్లో నాన్నకి ఆపరేషన్ చేయించాం, పేరు రాయట్లేదు. నాకు తర్వాత వచ్చే నొప్పి గురించే భయం, ఎందుకంటే కోత పక్కటెముకల మధ్య, చీము బయటికి పోయే ట్యూబ్ కూడా అక్కడే, నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి పీల్చకపోతే, దగ్గకపోతే కఫం పేరుకుపోయి నిమోనియా వచ్చేస్తది. రక్తం పలచబడే మందులు వాడుతున్నారని వెన్నులో సన్న గొట్టం పెట్టి నొప్పి మందు ఇచ్చే ఎపిడ్యూరల్ వద్దన్నారు. మత్తు డాక్టరుగారు లిగ్నోకెయిన్ నరంలోకి ఎక్కించారు, పన్ను పీకేముందు ఇచ్చే మందే అది! 60 కిలోల మనిషికి గంటకి 60 మిల్లీగ్రాములు, పంప్ మీద, ఒక రోజంతా, ఈసీజీ మానిటర్ తగిలించి. "బాబాయ్, మూతి చుట్టూ తిమ్మిరెక్కినా, చెవుల్లో గుయ్యిమన్నా, నోట్లో ఇనప రుచి తగిలినా వెంటనే చెప్పాల" అని రెండుసార్లు చెప్పారు, మందు ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు కదా. విరుగుడుగా లిపిడ్ సీసా, అంటే నరంలోకి ఎక్కించే కొవ్వు మందు, కూడా పక్కనే పెట్టారు, అది నాకు చాలా నచ్చింది.

మర్నాడు పొద్దున్న దిండు గుండెకి హత్తుకుని దగ్గాడు, మూడు బంతుల మెషిన్‌లో గాలి పీల్చి రెండు బంతులు లేపాడు. "నొప్పుందమ్మా, కానీ ఓర్చుకోగల్ను" అన్నాడు, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పారాసిటమాల్, కొంచెం మార్ఫిన్ కూడా ఇచ్చారు, లిగ్నోకెయిన్ ఒక్కదానితోనే అయిపోలేదు, అది అందరికీ ఒకేలా పనిచెయ్యదని డాక్టరే చెప్పారు.

రాత్రి మాత్రం పంప్ అలారం మోగితే సిస్టర్ రావడానికి పావుగంట పట్టింది, ఇలాంటి మందు ఎక్కుతుండగా అది పెద్ద తప్పే. డాక్టరుకి 5 స్టార్లు, నైట్ డ్యూటీకి 2. మీవాళ్ళకి ఈ మందు ఇస్తామంటే రాత్రంతా పక్కన ఎవరుంటారో ముందే అడగండి.