బ్రేకు తొక్కితే మైలేజీ ఇచ్చే బండి: హైదరాబాద్ ట్రాఫిక్‌లో నా హైబ్రిడ్

ఈ బండిలో నీకు బాగా నచ్చింది ఏమిటని ఎవరైనా అడిగితే బ్రేకు పెడల్ అంటాను. ఇంజను కాదు, సీట్లు కాదు, పైన అద్దాల కప్పు అసలే కాదు. మామూలు కారులో బ్రేకు తొక్కిన ప్రతిసారీ, అప్పటిదాకా పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగమంతా చక్రాల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ ఉన్న బండి. ఇందులో అదే వేగం మోటారును తిప్పి కరెంటుగా మారి బ్యాటరీలోకి వెళ్తుంది. మళ్ళీ బండి కదిలేటప్పుడు ఆ కరెంటే ముందుకు లాగుతుంది. ఈ సంగతి ఎక్కడైనా చదవొచ్చు. కానీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ పోయి వచ్చేవాడికి దీని విలువ పెట్రోలు బంకు దగ్గర తెలుస్తుంది.

నా దారి చెబితే చాలామందికి అర్థమవుతుంది. మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి, లక్డీకాపూల్, పంజాగుట్ట, అక్కణ్ణుంచి పైకెక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, మళ్ళీ మాదాపూర్ వైపు దిగుడు. ఆఫీసు వేళలో గంటన్నర తక్కువ పట్టదు. దారి పొడుగునా ఆగడం, కదలడం, ఆగడం. ఇదే దారిలో నా పాత పెట్రోలు కారు లీటరుకు 11 ఇస్తే గొప్ప. ఇది ట్యాంకు నింపి, మళ్ళీ నింపి వేసిన లెక్కలో 21 నుంచి 23 దాకా ఇస్తోంది. లీటరు వంద రూపాయలు దాటిన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె ఇంకా ఎక్కువే ఉంటుంది. దాన్ని నేను నమ్మను, బంకు రసీదులనే నమ్ముతాను.

బండి ఏ కంపెనీదో రాయడం లేదు. ఇంజను సైజు, ఫీచర్ల పట్టికలు అందరికీ తెలిసినవే. ఒక్కమాట మాత్రం చెప్పాలి. నేను మాట్లాడేది స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి, అంటే ఇంజను పూర్తిగా ఆగిపోయి మోటారు మీదే కొంత దూరం నడిచే రకం. మైల్డ్ హైబ్రిడ్ అని అమ్మేవాటిలో మోటారు ఇంజనుకు చేయి అందించడమే తప్ప బండిని ఒంటరిగా లాగలేదు. షోరూముల్లో రెండింటినీ 'హైబ్రిడ్' అనే ఒక్క మాటతో చెప్పేస్తున్నారు, అడిగి తేల్చుకోండి.

ఈ మైలేజీ ఊరికే రాదు, బ్రేకు తొక్కే అలవాటు మార్చుకోవాలి. గట్టిగా, ఆలస్యంగా తొక్కితే మోటారు అంత శక్తిని ఒక్కసారిగా తీసుకోలేదు కాబట్టి మామూలు బ్రేకు ప్యాడ్లు పట్టేస్తాయి, అదంతా నష్టమే. ముందుగా, మెత్తగా, ఎక్కువసేపు తొక్కాలి. పంజాగుట్ట సిగ్నల్ దూరం నుంచే ఎర్రగా కనిపిస్తే అక్కణ్ణుంచే యాక్సిలరేటర్ వదిలి బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, డ్యాష్‌బోర్డు మీద ముల్లు చార్జ్ అవుతోందని చూపే భాగంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. అయితే మన రోడ్డు మీద ప్రతిసారీ ఇది కుదరదు. ముందు కాస్త ఖాళీ వదిలితే ఆటో వచ్చి దూరుతుంది, దాని వెనకాలే రెండు బైకులు. కోఠి దగ్గర ఈ విద్య పనిచేయదు. బంజారాహిల్స్ దాటాక బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

చెక్‌పోస్ట్ నుంచి మాదాపూర్ దాకా దిగుడు నాకు ప్రాణం. గుట్టల మీద కట్టిన ఊరు కావడం హైబ్రిడ్‌కి కలిసొచ్చింది. పెట్రోలు చుక్క ఖర్చు కాకుండా బ్యాటరీ నిండుతూ కిందికి వెళ్ళిపోతాం. సాయంత్రం ఆ ఎక్కుడు ఎక్కి రావాలి కాబట్టి తిరుగు ప్రయాణంలో అంకె తగ్గుతుంది. రెండూ కలిపి చూస్తేనే అసలు లెక్క.

ఇంకో అలవాటు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టడం మనందరికీ చేతికి వచ్చిన పని. నా బండి లాంటి వాటిలో న్యూట్రల్‌లో పెడితే బ్యాటరీ చార్జ్ కాదు. ఏసీ మాత్రం ఆ బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటూ ఉంటుంది. అందుకే గేరు డి (డ్రైవ్) లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టి నిలబడాలి. కొన్న కొత్తలో డెలివరీ ఇచ్చిన కుర్రాడు చెప్పిన మాటల్లో నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే.

ఇక అసలు కథ.

రెండో ఎండాకాలంలో మైలేజీ పడిపోవడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. 22 ఉన్నది 20, తర్వాత 19, చివరికి 17. దారి అదే, బంకు అదే, నడిపేది నేనే. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ వల్ల కొంత తగ్గడం మామూలే. ఇందులో ఏసీ కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నా చల్లగానే ఉంటుంది, కానీ ఆ కరెంటు అయిపోగానే ఇంజను లేచి మళ్ళీ నింపాలి. మొదటి ఎండాకాలంలో ఆ తేడా లీటరుకు ఒకటి, ఒకటిన్నర. ఇప్పుడు పోయింది ఐదు. దాంతోపాటు కొత్తగా ఒక చప్పుడు. చాదర్‌ఘాట్ వంతెన మీద ఇంజను ఆగి బండి నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట వెనక సీటు దగ్గర్నుంచి హెయిర్ డ్రయర్ పెట్టినట్టు సన్నగా, ఆగకుండా మోత.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అడ్వైజరు మర్యాదగానే మాట్లాడాడు. "సార్, ఎండాకాలం కదా, ఏసీ ఫుల్‌లో పెడుతున్నారు. పైగా ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. అందరికీ తగ్గింది సార్" అన్నాడు. ఇథనాల్ మాట అబద్ధం కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. కానీ అందులో ఐదో వంతు కలిపితే మొత్తం మీద పోయేది ఆరేడు శాతం, నాకు పోయింది ఇరవై శాతం పైనే. ఈ లెక్క చెబితే ఇంజెక్టర్ క్లీనింగ్ చేయిద్దాం అన్నారు. చేశారు, డబ్బు తీసుకున్నారు. అంకె కదల్లేదు. టైర్లలో గాలి చూశారు, సరిగానే ఉంది. చప్పుడు గురించి అడిగితే హైబ్రిడ్‌లో ఫ్యాన్ ఉంటుంది సార్, అది నార్మల్ అన్నారు. సర్వీసు కాగితం మీద హైబ్రిడ్ వ్యవస్థ తనిఖీ అనే గడిలో టిక్కు కూడా ఉంది.

ఆ టిక్కే నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఎందుకో చెప్తాను.

అమ్మానాన్నల్ని తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళినప్పుడు పార్కింగ్‌లో పక్కన ఒక ట్రావెల్స్ బండి ఆగి ఉంది, అదీ హైబ్రిడ్డే. నా బండి చప్పుడు విని ఆ డ్రైవరు తనంతట తనే దగ్గరికొచ్చాడు. "అన్నా, ఎనక ఫ్యాన్ గంతగనం మొత్తుకుంటుంది, జాలీ సాఫ్ చేయించిన్రా?" అన్నాడు. ఏ జాలీ అంటే వెనక తలుపు తీసి, సీటు పక్కన కిందుగా ఉన్న చిన్న ప్లాస్టిక్ జాలీ చూపించాడు. "మా బండ్లల్ల మేం తీసి దులుపుతనే ఉంటం. లేకుంటే ఇంజను ఊకె ఆన్ అయితది, పెట్రోల్ తాగుతది."

హైబ్రిడ్ బ్యాటరీ నా బండిలో వెనక వైపు ఉంటుంది. అది వేడెక్కకుండా ఒక ఫ్యాన్ కారు లోపలి చల్లగాలిని ఆ జాలీ గుండా లాగి బ్యాటరీ మీదుగా పంపుతుంది. జాలీ వెనక ఒక పలచని ఫిల్టరు. కారు లోపలి దుమ్మంతా చేరేది అక్కడికే. తవ్వని రోడ్డు లేని ఊరు మనది, తలుపు తీసిన ప్రతిసారీ ఎంతో కొంత లోపలికొస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది. ఆ చప్పుడు అదే. అప్పటికీ బ్యాటరీ చల్లబడకపోతే దాన్ని కాపాడటానికి కంప్యూటరు బ్యాటరీలోకి వెళ్ళే, బయటికొచ్చే కరెంటును తగ్గించేస్తుంది. అంటే నేను బ్రేకు తొక్కి సంపాదించేది పూర్తిగా లోపలికి పోవడం లేదు, లోపల ఉన్నది మోటారుకు పూర్తిగా అందడం లేదు. ఆ లోటంతా ఇంజను పూడ్చింది. పెట్రోలు పోయింది అక్కడే.

మర్నాడే వేరే సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి ఆ ఫిల్టరు నా ముందే తీయించాను. బూడిదరంగు దుమ్ము, వెంట్రుకలు కలిసి మందంగా అట్టకట్టి ఉంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలివైపు కనిపించలేదు. వ్యాక్యూమ్‌తో శుభ్రం చేసి పెట్టడానికి అరగంట కూడా పట్టలేదు. చప్పుడు ఆ రోజే పోయింది. మైలేజీ తర్వాతి ట్యాంకుకు 20, ఆ తర్వాత మళ్ళీ 21 దాటింది. ఆ ట్రావెల్స్ డ్రైవరుకు నేను మనసులో ఎన్ని దండాలు పెట్టుకున్నానో. ఏ యంత్రాలూ లేకుండా చెవితో కనిపెట్టాడు. ఇప్పుడు ఊరి నుంచి బియ్యం సంచులు, అమ్మ సర్దిన బ్యాగులు వెనక సీటు మీద పెట్టినా ఆ జాలీకి ఆనకుండా చూస్తాం. నాన్న అయితే ఎక్కగానే శాలువా అటు జారకుండా సర్దుకుంటారు.

పైన 21 నుంచి 23 అన్నాను కదా, అది ఊళ్ళో మాట. హైవే మీద ఈ బండి అంత గొప్పది కాదని నెమ్మదిగా తెలిసింది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120 చేశారు. అక్కడ వందా నూటపది మీద పోతే నాకు 17, 18 కంటే రాలేదు. విజయవాడ రోడ్డు మీద 80, 90 మధ్య ఉంచితే 20 దాకా వచ్చింది. కారణం సులువుగానే అర్థమవుతుంది, బ్రేకే తొక్కకపోతే తిరిగి సంపాదించేదేముంది? వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి ఇంజనే పనిచేయాలి. కంపెనీ కాగితం మీద వేసే అంకె ల్యాబులో రోలర్ల మీద, 90 దాటని వేగంతో వచ్చింది. నా చేతిలో ఆ అంకె ఒక్క ట్యాంకుకు కూడా రాలేదు.

దగ్గర దూరాలకూ ఇది లాభం కాదు. నాన్న మందుల షాపు, సంత, గుడి అంటూ కిలోమీటరు లోపు తిరిగితే చల్లగా ఉన్న ఇంజను వేడెక్కడానికే కొంతసేపు నడుస్తుంది, వేడెక్కేలోపు ఇల్లు వచ్చేస్తుంది. అలాంటి వారాల్లో నా సగటు 15కి పడిపోయింది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ కొద్ది దూరంలోనే నిండిపోతుంది, చిన్నది కదా. అక్కడ గేరు బి లో, అంటే ఇంజనుతో వేగాన్ని పట్టి ఉంచే స్థానంలో వేసి దిగడం మేలు. ఊళ్ళో మాత్రం బి వాడితే మనకు రావలసిన కరెంటులో కొంత ఇంజనులో వృథా అవుతుంది.

డబ్బు లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. ఇదే బండి పెట్రోల్ ఆటోమేటిక్ నడిపే మా సహోద్యోగికి ఇలాంటి దారిలోనే 12 వస్తోంది. నెలకు 1000 కిలోమీటర్లు అనుకుంటే అతనికి 83 లీటర్లు, నాకు 45. తేడా నెలకు నాలుగు వేల రూపాయలు. కొనేటప్పుడు రెండింటి మధ్య తేడా సుమారు మూడు లక్షలు, అంటే తిరిగి రావడానికి ఆరేళ్ళ పైన. నేను బండిని ఎనిమిదేళ్ళయినా ఉంచుకునేవాణ్ణి, బ్యాటరీకి వారంటీ కూడా అన్నేళ్ళు ఉంది కాబట్టి నాకు కిట్టుబాటు అయింది. నాలుగేళ్ళకు అమ్మేసేవాళ్ళకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. 2024 చివర్లో తెలంగాణలో ఎలక్ట్రిక్ బళ్ళకు రోడ్ ట్యాక్స్ తీసేశారు, హైబ్రిడ్‌కి ఆ వెసులుబాటు దొరకలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పాయింటుకు అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే నేను ఎలక్ట్రిక్ వైపే చూసేవాణ్ణి అనుకుంటాను.

సూర్యాపేటలో ఉండే మా బావగారు నా బండి చూసి ముచ్చటపడి తనూ తీసుకుంటానన్నారు. వారానికి రెండుసార్లు హైవే మీద హైదరాబాద్ వచ్చి వెళ్ళే మనిషి. మీ దారికి ఇది అంత కలిసిరాదు బావా, ఒకసారి మామూలు పెట్రోలుదీ నడిపి చూడండి అన్నాను. అదే ఉప్పల్ నుంచి గచ్చిబౌలి పోయే మా చెల్లెలికి మాత్రం తీసుకో అనే చెప్పాను. బుకింగ్ డబ్బు కట్టే ముందు ఆ బ్యాటరీ ఫిల్టరు ఎన్ని కిలోమీటర్లకోసారి తీసి శుభ్రం చేస్తారో సర్వీసు వాళ్ళ చేత కాగితం మీద రాయించుకోమన్నాను.