మన్ననూరు అడవిలో గట్టెక్కించిన పంచర్ కిట్

లోపల ట్యూబు లేని టైర్లకు మనమే పంచర్ వేసుకునే ట్యూబ్‌లెస్ పంచర్ కిట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, కొనండి. బండి మీద ఊళ్లు తిరిగేవాళ్లయితే ఇంకా ముందే కొనాల్సింది. కాకపోతే ఏది పడితే అది కొనొద్దు, గాలి కొట్టే పంపు లేకుండా కిట్ ఒక్కటే అసలు కొనొద్దు. ఈ రెండూ నేను రోడ్డు మీద నిలబడి నేర్చుకున్నవి.

2022లో కొన్న మొదటి కిట్ 249 రూపాయలు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించా. రెండు సూదులు (రంధ్రాన్ని రాపాడించే గరుకు సూది ఒకటి, స్ట్రిప్ ఎక్కించి దింపే కన్ను ఉన్న సూది ఒకటి), రంధ్రాన్ని పూడ్చే జిగురు రబ్బరు స్ట్రిప్పులు ఐదు, చిన్న సొల్యూషన్ (జిగురు) ట్యూబు, అంతే. సూదులకు ప్లాస్టిక్ పిడి. ఏడెనిమిది నెలలు సీటు కిందే పడుంది. ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే వెనక టైరులో మేకు దిగింది, సరే కిట్ ఉంది కదా అని మేకు పీకేసి ఆ గరుకు సూది రంధ్రంలో పెట్టి తిప్పితే, పిడి తిరుగుతోంది గానీ సూది తిరగడం లేదు. ప్లాస్టిక్ లోపల ఇనుప కడ్డీ పట్టు వదిలేసింది. సొల్యూషన్ మూత తీస్తే ఎండిపోయి రాయిలా ఉంది. మేకు ఉన్నంతసేపు మెల్లగా పోయే గాలి కాస్తా పీకేసరికి మొత్తం పోయింది, ఇక తోసుకుంటూ కిలోమీటరున్నర.

చివరికి దొరికిన షాపులో జరిగింది మరీ బాధ. నేను ఫోన్ మాట్లాడి వచ్చేసరికి టైరుకు మూడు పంచర్లు అన్నాడు, సబ్బు నీళ్లు పోసి బుడగలు కూడా చూపించాడు. నేను పీకింది ఒక్క మేకు. మూడింటికి 450 తీసుకున్నాడు. అందరూ ఇలాంటివాళ్లని అనను, ఎండలో రోడ్డు పక్కన కూర్చుని నిజాయితీగా పని చేసేవాళ్లే ఎక్కువ, కానీ పంచర్ వేస్తున్నంతసేపూ పక్కనే నిలబడాలని ఆ రోజు తెలిసింది.

రెండో కిట్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టైరు సామాన్లు అమ్మే దుకాణంలో చేత్తో పట్టుకు చూసి కొన్నా, 550 అయింది. ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉండే ఇనుప పిడి, దానికే అతికిన సూది. కొనేటప్పుడు పిడిని ఒక చేత్తో, సూదిని ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా మెలితిప్పి చూడండి, ఏ మాత్రం ఆడినా పక్కన పెట్టేయండి. చిన్న నోస్ ప్లయర్, బ్లేడు, వాల్వ్ పిన్ను విప్పే పనిముట్టు కూడా అందులోనే వచ్చాయి. స్ట్రిప్పులు వేలెడంత పొడవు, గోధుమ రంగు, ముట్టుకుంటే వేలికి అంటుకునేంత జిగురుగా ఉండాలి. ఎండి పుల్లలా అయిపోయినవి పనికిరావు. మన ఎండలకు సీటు కింద బాగా వేడెక్కుతుంది కాబట్టి నేను వాటిని జిప్ కవర్లో పెట్టి ఏడాదికోసారి మార్చేస్తున్నా.

కిట్ తెచ్చాక నేను చేసిన మంచి పని, మా వీధి చివర పంచర్ షాపు పెద్దాయన దగ్గరికి వెళ్లి పాత టైరు ముక్క అడగడం. ఆయన ఇవ్వడమే కాదు, పక్కన కూర్చుని నేర్పించాడు. నేను మణికట్టుతో గింజుకుంటుంటే "చేత్తో కాదు తమ్ముడూ, ఒంటి బరువుతో దింపు" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే నాకు పని వచ్చింది. గరుకు సూది దిగడం ఒక ఎత్తు, స్ట్రిప్ ఎక్కించిన సూది దిగడం ఇంకో ఎత్తు. ఎంతో బలం కావాలి. ఇంట్లో ఒక్కసారైనా చేసి చూడకుండా రోడ్డు మీద మొదలుపెడితే చెమటలు పడతాయి.

పంపు సంగతి కూడా చెప్పాలి. ఈ కిట్‌తో మొదటిసారి స్ట్రిప్ బ్రహ్మాండంగా వేశాను, వేశాక చూస్తే టైరులో గాలి లేదు, కొట్టడానికి ఏమీ లేదు. అరగంట అలా కూర్చుంటే, అటుగా వెళ్తున్న పాలబండి అతను ఊళ్లోకి వెళ్లి ఎవరిదో పంపు తెచ్చిచ్చాడు. ఆ వారమే ఛార్జింగ్ పెట్టుకునే చిన్న పంపు కొన్నా, మూడు వేలకు కాస్త తక్కువ. అంత పెట్టలేమనుకుంటే కాలితో తొక్కే పంపు చాలు, దానికి ఛార్జింగ్ గొడవ లేదు. కారు కోసం అమ్మే 12 వోల్టుల పంపును మాత్రం బండికున్న మొబైల్ ఛార్జర్ సాకెట్‌తో నడపలేరు, అది అంత కరెంటు ఇవ్వదు.

ఇక అసలు పరీక్ష 2024 కార్తీకంలో. నేనూ మా బావమరిదీ బండి మీద శ్రీశైలం వెళ్లి తిరిగొస్తున్నాం. దోమలపెంట, వటవర్లపల్లి దాటాం, ఫర్హాబాద్ గేటు ఇంకా రాలేదు. సాయంత్రం ఐదు కావస్తోంది. వెనకాల బరువుగా ఈడుస్తున్నట్టు అనిపిస్తుండగానే "బావా, వెనక ఊగుతోంది, ఒకసారి ఆపు" అన్నాడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోయే రోడ్డు అది. రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తే మళ్లీ తెల్లారి ఆరుకే. ఫోన్లో సిగ్నల్ లేదు. నిజం చెప్తున్నా, కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.

డబుల్ స్టాండ్ వేసి చక్రం మెల్లగా తిప్పితే ట్రెడ్ (టైరులో రోడ్డుకు ఆనే భాగం) మధ్య గాడిలో స్క్రూ కనిపించింది, తల అరిగిపోయి వెండిలా మెరుస్తోంది. పీకే ముందు అది ఏ వైపు వాలి ఉందో చూసుకున్నా, ఎందుకంటే సూది అదే వాలులో దిగాలి, నిటారుగా పొడిస్తే కొత్త రంధ్రం పడుతుంది. చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ప్లయర్‌తో తిప్పుతూ తీశా. మిగిలిన గాలి బుస్సుమంటూ పోయింది. గరుకు సూదికి సొల్యూషన్ రాసి, చక్రాన్ని బావమరిది రెండు చేతులా కదలకుండా పట్టుకుంటే, మోకాళ్ల మీద కూర్చుని ఒంటి బరువంతా వేసి దింపా. పదిహేనిరవై సార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే అప్పుడు వదులైంది. స్ట్రిప్‌ను కన్ను ఉన్న సూదిలో సగానికి లాగి, సొల్యూషన్ పూసి, రెండు కొసలూ సెంటీమీటరు బయట మిగిలేదాకా నొక్కి, మెలితిప్పకుండా ఒక్క ఊపున సూది లాగేశా. స్ట్రిప్ లోపలే ఉండిపోయింది. ఆ క్షణంలో కలిగిన నిబ్బరం మాటల్లో చెప్పలేను.

ఈలోగా సంచి తెరిచిన చప్పుడుకి కోతులు దిగాయి. వాటిని అదిలిస్తూనే మావాడు పంపు తగిలించాడు. నాలుగైదు నిమిషాల్లో గాలి ఎక్కింది. స్ట్రిప్ మీద నీళ్లు పోసి ఉమ్మి రాసి చూశాం, ఒక్క బుడగ లేదు. బయట మిగిలిన కొసల్ని మూడు మిల్లీమీటర్లు ఉంచి బ్లేడుతో కోసేశా. మొత్తం 25 నిమిషాలు. ఆరున్నరకల్లా మన్ననూరులో టీ తాగుతున్నాం.

అన్ని పంచర్లకూ ఇది మందు కాదు. రంధ్రం ట్రెడ్ మీద ఉండాలి, ఆరు మిల్లీమీటర్లు మించకూడదు. టైరు పక్క గోడకు పడితే ముట్టుకోవద్దు, టైరు మార్చడమే. అలాగే మీ చక్రంలో నిజంగా ట్యూబు లేదో చూసుకోండి. స్పోక్ చక్రాల క్లాసిక్ 350 లాంటి బండ్లలో లోపల ట్యూబు ఉంటుంది, దాంట్లో ఈ సూది పొడిస్తే ఉన్న రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. స్టీల్ తీగలున్న రేడియల్ టైరులో సూది దింపడం ఇంకా కష్టం, అలాంటి టైరు ఉన్నవాళ్లు గట్టి సూది ఉన్న కిట్‌కే డబ్బులు పెట్టండి.

స్ట్రిప్ తాత్కాలికమనే టైరు కంపెనీలు చెప్తాయి, టైరు విప్పి లోపలి నుంచి గొడుగు ఆకారం ప్యాచ్ వేయించడమే సరైన పద్ధతి. ముందు టైరైతే నేను ఒక్కరోజు కూడా ఆగను, అది జారితే మనిషి లేవడు. ఇది వెనక టైరు, చిన్న రంధ్రం, ట్రెడ్ మధ్యలో కాబట్టి హైదరాబాద్ దాకా 60 దాటకుండా వచ్చి, ఆ ఆదివారం పెద్దాయన దగ్గర టైరు విప్పించి లోపల ప్యాచ్ వేయించా. ప్యాచ్ వేసే ముందు ఆయన టైరు తిరగేసి నా స్ట్రిప్‌ను లోపలి వైపు నుంచి చూశాడు, రెండు కొసలు బయట, ముడిలాంటి ఉబ్బు లోపల, ఎలా ఉండాలో అలాగే ఉంది. "బాగా దిగింది" అన్నాడు.

ఈ రెండో కిట్‌కు ఐదులో నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే సొల్యూషన్ ట్యూబు. ఒకసారి తెరిచాక ఇదీ కొన్ని నెలలకే ఎండిపోతోంది, కాబట్టి విడిగా 20 రూపాయల ట్యూబులు రెండు, మూత తెరవనివి, కవర్లో వేసి పెట్టుకోండి.