తుప్పు పట్టిన మా మారుతి 800కి ఇంకో ప్యాచ్ వేయించాలా?

మా ఇంట్లో ఉన్నది 2007లో కొన్న మారుతి 800, ఏపీ 36 నంబరు. బాపు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నాడు. ఈ బండి ఇంజిన్ ఎంత, సీట్లెన్ని అని కొత్తగా ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, ఇది ఎక్కడ ఆగితే అక్కడే బాగవుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దీన్ని ఇంకో బండికి తాడుతో కట్టి ఇంటికి తీసుకురాలేదు. దీన్ని అమ్మడానికి నాకు చేతులు రాకపోవడానికి అసలు కారణం అదే.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు బయల్దేరాం. బిడ్డకు నిలువెత్తు బంగారం మొక్కు ఉంది, అంటే బిడ్డ బరువుకు సమానంగా బెల్లం ఇవ్వడం. డిక్కీలో పదహారు కిలోల బెల్లం. బాపు, అమ్మ, నా భార్య, ఒళ్లో బిడ్డ. తెల్లవారకముందే హనుమకొండ దాటి ములుగు దాకా హాయిగా పోయాం. పస్రా దాటాక బండ్ల వరుస మొదలైంది. పది అడుగులు కదలడం, ఆగడం. గంటన్నర అదే పని, ఎడమ కాలు క్లచ్ మీదే. నార్లాపూర్ ఇంకా రానేలేదు, కాలి కింద టప్‌మని చప్పుడైంది. పెడల్ నేలకు అంటుకుపోయి మళ్లీ పైకి లేవలేదు.

తప్పు నాదే. "సార్, క్లచ్ వైరు గట్టిగైంది, జాతరకు పోయే ముందే మార్పించుకోండ్రి" అని సంక్రాంతికి ముందే మా మెకానిక్ చెప్పాడు. ఇంకో నెల నడుస్తుందిలే అని నేనే ఊరుకున్నాను.

వెనక బండ్లవాళ్లు దిగి తోసి మమ్మల్ని పక్కకు పెట్టించారు. బాపు బానెట్ మీద చెయ్యేసి, "వైరే గదరా, ఏం గాదు" అన్నాడు. క్లచ్ లేకుండా బండి నడపడం ఆయనకు వచ్చు. ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేరులో వేసి తాళం తిప్పితే స్టార్టరు లాగిన బలానికే బండి కదులుతుంది. ఖాళీ రోడ్డయితే అట్లానే ములుగు దాకా వెనక్కి వెళ్లిపోయేవాళ్లం. ఆ రద్దీలో అడుగడుక్కీ ఆపి మళ్లీ అట్లా కదిలిస్తే ముందు బండిని గుద్దడం ఖాయం. ఎండ ఎక్కుతోంది, బిడ్డ నీళ్లడుగుతోంది, నాకు టెన్షన్ పెరిగిపోతోంది.

అప్పుడొచ్చాడు ఒక పిలగాడు, బైక్ హ్యాండిల్‌కు పానాల సంచి తగిలించుకుని. పస్రాలో ఒక మెకానిక్ షాపులో పని చేస్తాడట, జాతర రోజుల్లో ఆ రోడ్డు పొడుగునా తిరుగుతుంటాడట. పెడల్‌ను చేత్తో ఒకసారి నొక్కి చూసి, "ఈ బండి వైరు షాపుల ఎప్పుడూ ఉంటది సార్, కూసోండ్రి, తెస్త" అని పోయాడు. రోడ్డు వారగా బండ్ల సందుల్లోంచి బైక్ తోలుకుంటూ ముప్పావుగంటలో వచ్చాడు.

ఆ పని నేను పక్కనే కూర్చుని చూశాను. డ్రైవర్ డోరు తీసి వెల్లకిలా పడుకుని, తల పెడల్స్ కిందికి దూర్చి పాత వైరు కొక్కెం విప్పాడు. బానెట్ ఎత్తి, గేరుబాక్స్ మీది లివరు దగ్గర నట్టు తీసి రెండో కొస లాగాడు. బయటికొచ్చిన వైరు చివర చీపురు కట్టలా విచ్చుకుని ఉంది. కొత్త వైరుకు గ్రీజు పూసి, అదే రబ్బరు బుష్‌లోంచి దూర్చి, రెండు కొసలూ తగిలించాడు. చివర్లో ఎడమచేత్తో పెడల్ నొక్కుతూ కుడిచేత్తో నట్టు కొంచెం బిగించడం, మళ్లీ నొక్కడం. పైన ఒక ఇంచు వదులుండాలి, లేకుంటే ప్లేట్లు కాలిపోతాయని చెప్పాడు. అరగంట పట్టింది. వైరు 350, మజూరీతో కలిపి 800 తీసుకున్నాడు. నేను వెయ్యిచ్చి మిగతాది ఉంచుకోమంటే, బెల్లం ప్రసాదం తెచ్చివ్వండి చాలంటూ రెండు వందలు తిరిగిచ్చాడు. మధ్యాహ్నానికి మేడారంలో అమ్మవార్ల గద్దెల దగ్గరున్నాం. తిరుగు దారి వేరే వైపు మళ్లించారు కాబట్టి ప్రసాదం ఆ వారం ఇవ్వలేకపోయాం. తర్వాత బాపే పనిగట్టుకుని పస్రా వెళ్లి ఇచ్చొచ్చాడు.

మా బావమరిది కొత్త కారు ఒకసారి జనగామ దగ్గర ఆగిపోయింది. ఏదో సెన్సారట. స్కానర్ పెడితే తప్ప ఏమైందో చెప్పలేమన్నారు, బండిని లారీ మీద ఎక్కించుకుపోయారు, మూడు రోజులకు చేతికొచ్చింది. అది మంచి బండే, నేను కాదనను. కానీ దాని బానెట్ ఎత్తితే మా బాపుకు చేయడానికి ఏమీ కనిపించదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని మాటలు సవరించుకోవాలి. సామాన్లు ఏ షాపులోనైనా దొరుకుతాయని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ని. ఇంజిన్, బ్రేకుల సామాన్ల వరకే అది ఇప్పటికీ నిజం. తయారీ ఆగింది 2014 జనవరిలో. డోరు రబ్బర్లు, డోరు హ్యాండిళ్లు, బంపర్ లాంటివి అడిగితే పాత సామాన్ల షాపులో వెతుక్కోమంటున్నారు. మైలేజీ ఇరవై అని చెప్పేవాణ్ని, ఇప్పుడు ఊళ్లో పదిహేను వస్తే ఎక్కువ. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, ఈ బండి దానికోసం తయారైంది కాదు. అందుకని గతేడాది పెట్రోలు రబ్బరు పైపులన్నీ మార్పించాం.

అసలు దెబ్బ ఇంజిన్‌కు తగల్లేదు, బాడీకి తగిలింది. 2023 జూలై వానలకు హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు బండి సీట్ల దాకా నీళ్లలో మునిగింది. తాళం తిప్పొద్దని బాపు గట్టిగా చెప్పబట్టి ఇంజిన్ బతికింది. ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ మార్చి, కార్పెట్లు మేడ మీద ఆరేశాం. బయటపడ్డామనుకున్నాం. గతేడాది వానల్లో కాళ్ల కింద తడి తగిలి కార్పెట్ ఎత్తి చూస్తే, క్లచ్ పెడల్ పక్కన రేకు గోధుమరంగు పొరలుగా లేచి ఉంది. వేలు పెట్టి నొక్కితే దిగిపోయింది, కిందున్న రోడ్డు కనపడింది. వెల్డింగ్ ప్యాచ్, పెయింట్ కలిపి తొమ్మిది వేలు.

బాపు ప్రతి రిపేరూ ఒక నోట్‌బుక్కులో రాసి పెడతాడు. ఆ లెక్క ప్రకారం 2023లో 14,500, 2024లో 11,000, ప్యాచ్‌తో కలిపి గతేడాది 23,000. ఖర్చు పెరిగిపోతోందని మా ఇంట్లో పోరు. నిరుడు సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గినప్పుడు షోరూముకు వెళ్లి కూడా వచ్చాం. నాలుగున్నర లక్షల లోన్, ఐదేళ్లు, నెలకు దాదాపు 9,500 కిస్తీ. గతేడాది రిపేర్లన్నీ కలిపినా మూడు కిస్తీలు కావు. డబ్బు లెక్కే అయితే ఆలోచించే పనే లేదు.

నన్ను తొలిచేది బిడ్డ సంగతి. ఈ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. హైదరాబాద్ రోడ్డు మీద పక్కనుంచి లారీ దూసుకుపోతే బండి మొత్తం ఊగుతుంది. ఎక్కడైనా బాగు చేసుకోవచ్చు అన్న ధైర్యం ఆ క్షణంలో ఎందుకూ పనికిరాదు. అందుకే ఏడాదిగా దూరప్రయాణాలకు దీన్ని తీయడం లేదు. మొన్నటి జాతరకు కూడా ఆర్టీసీ బస్సులోనే వెళ్లాం.

మార్కెట్‌కు, గుడికి, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మాత్రం ఇదే. బాపుకు డెబ్బై నాలుగేళ్లు. ఈ గేరు, ఈ క్లచ్ ఆయన చేతికీ కాలికీ అలవాటైనవి, కొత్త బండి స్టీరింగ్ పట్టుకోనని ముందే చెప్పేశాడు. వారానికోసారి హైదరాబాద్ పోయొచ్చే ఇల్లయితే, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ లేకపోతే నా మాట పట్టుకుని పాత బండి ఉంచుకోకండి.

ఆర్సీ సంగతి కూడా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, మాది సరిగ్గా ఆ ఏడాదే పడింది. 20 ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో పెంచారు. మా గడువు 2027లో అయిపోతుంది. పదివేలకు నేను భయపడను. కానీ ఈ వానాకాలం కాగానే బండిని లిఫ్ట్ ఎక్కించి కింద మొత్తం చూపిస్తాను. తుప్పు ఆ ఫ్లోర్ దగ్గరే ఆగిందంటే ఇంకో ప్యాచ్ వేయించి ఉంచుకుంటాం. ముందు చక్రాల దగ్గర బరువు మోసే రేకుకు పాకిందంటే మాత్రం ఇక రిపేరు చేయించను, బాపుకు ఆ మాట ఇప్పుడే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, నోట్‌బుక్ తీసి తేదీ రాసుకున్నాడు.