గోస్తని పక్క దారి: అయిదేళ్ళు తొక్కిన తరువాత

విశాఖలో సైకిలు తొక్కేవారిని ఎవరిని అడిగినా భీమిలి బీచ్ రోడ్డు పేరే చెబుతారు. నేనూ మొదటి ఏడాది అంతా దాని మీదే తిరిగాను. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, వెనక నుంచి హారన్లు. ఆర్.కె. బీచ్ దగ్గర కొంత మేర రోడ్డును తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం వాహనాలకు మూసేస్తారు. బండ్లు తిరగని దారి కావాలంటే ఊరిలో దొరికేది అదొక్కటే. సైకిలు మీద అది టీ చల్లారేలోపు అయిపోతుంది.

నేను రాస్తున్నది ఆ రోడ్డు గురించి కాదు. అది ముగిసేచోట మొదలయ్యే దారి గురించి. భీమిలి నుంచి తగరపువలస, అక్కడి నుంచి గోస్తని నదికి అటూ ఇటూగా పద్మనాభం, ఆ పైన పాండ్రంగి, మళ్ళీ వెనక్కి. ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి నుంచి బయలుదేరితే వంద కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయిదేళ్ళలో నెలకు రెండుసార్లయినా వెళ్ళాను. మూడు చెయిన్లు, రెండు జతల టైర్లు, లెక్కలేనన్ని ట్యూబులు ఈ దారికి సమర్పించుకున్నాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటాను.

ముందే ఒక మాట. నది ఒడ్డున సైకిలు దారి అనగానే ఐరోపా ఫోటోలు గుర్తు వస్తే వాటిని పక్కన పెట్టండి. డాన్యూబ్ వెంట పసావ్ నుంచి వియన్నా దాకా సుమారు 300 కిలోమీటర్లు నదిని చూస్తూ వెళ్ళవచ్చు. ఒకప్పుడు అక్కడ సరుకు పడవలను గుర్రాలతో ఎగువకు లాగించేవారు. ఆ గుర్రాలు నడిచిన గట్టు చాలాచోట్ల ఇప్పుడు సైకిళ్ళ పాలయింది. మన గోస్తని అటువంటి నది కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, జామి మీదుగా పద్మనాభం వైపు వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు 120 కిలోమీటర్లు. వానల్లో ఉరుకుతుంది, మాఘం వచ్చేసరికి ఇసుకలో సన్నని పాయగా మిగులుతుంది. కొసదాకా సాగే గట్టు దారి దానికి లేదు. ఉన్నవి ఊరికీ ఊరికీ మధ్య వేసిన తారురోడ్లు, పొలాలకు పోయే బండిబాటలు, అక్కడక్కడ నీళ్ళలోంచి దాటే కాజ్‌వేలు. నది కాసేపు కనబడి, తాటితోపు వెనక్కి తప్పుకుని, రెండు ఊళ్ళ తరువాత మళ్ళీ పక్కన చేరుతుంది. మొదట్లో ఇది విసుగనిపించింది. ఇప్పుడు ఏ మలుపులో వస్తుందో తెలుసు కాబట్టి అంతగా పట్టించుకోను.

భీమిలి దాకా వెళ్ళడం గురించి చెప్పవలసింది గాలి సంగతే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఫాల్గుణం నుంచి వానాకాలం చివరి దాకా గాలి నైరుతి నుంచి వీస్తుంది. వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుంటుంది, మనకు కాళ్ళల్లో బలం పెరిగిందన్న భ్రమ కలుగుతుంది. తిరుగు ప్రయాణంలో, ఎండ ఎక్కిన వేళ, అదే గాలి ఛాతీకి ఎదురవుతుంది. రుషికొండ దగ్గర దిగి సైకిలును నడిపించుకుంటూ వచ్చిన రోజులు ఉన్నాయి. శీతాకాలంలో లెక్క తిరగబడుతుంది: పొద్దున కష్టం, తిరిగి వచ్చేటప్పుడు హాయి. ఈ ఒక్క కారణం చాలు, మొదటిసారి వెళ్ళేవారికి డిసెంబరు, జనవరి నెలలే చెబుతాను.

భీమిలి నుంచి తగరపువలస రోడ్డు ప్రశాంతమని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆటోలు, కాలేజీ బస్సులు. చిట్టివలసలో మూతపడిన జూట్ మిల్లు దగ్గర మాత్రం ఎప్పుడూ కాసేపు ఆగుతాను. ఈ చుట్టుపక్కల మెట్టపొలాల్లో గోగునార విరివిగా పండిన కాలానికి మిగిలిన గుర్తు అది. తరువాత జాతీయ రహదారిని దాటాలి. మొత్తం ప్రయాణంలో ప్రమాదకరమైనది ఆ కాస్త దూరమే. లారీ డ్రైవర్లకు సైకిలు ఒక వాహనమన్న స్పృహ ఉండదు. ఆరు లోపు దాటండి, లేదా దిగి నడవండి. నేను ఇప్పటికీ దిగే నడుస్తాను.

ఆ అవతల దారి మారిపోతుంది. పద్మనాభం వైపు తిరిగిన రెండు మూడు కిలోమీటర్లకే చెయిన్ చప్పుడు మనకే వినబడుతుంది. శీతాకాలంలో అయితే నది ఉన్నంత మేర పొగమంచు ఉంటుంది, లేనిచోట ఉండదు. ఎక్కడ నది ఉందో మంచును చూసి చెప్పవచ్చు. కొబ్బరి, మామిడి, జీడి తోటలు, మధ్యలో కూరగాయల మళ్ళు, పూల చేలు. ఇక్కడి పూలు ఆనందపురం మార్కెట్టుకు పోతాయి. తెల్లవారకముందే బంతిపూల మూటలతో మోపెడ్లు ఎదురొస్తాయి. వాటి వాసన మోపెడు దాటిన తరువాత కూడా దారి మీద ఉండిపోతుంది.

పద్మనాభం కొండను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పైన అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి. కింద కుంతీమాధవస్వామి గుడి. ఇంకా సగం దారి తొక్కవలసిన కాళ్ళతో ఆ మెట్లు ఎక్కే ప్రయత్నం ఒకసారి చేశాను, రెండోసారి చెయ్యలేదు. కార్తీక అమావాస్యకు మెట్ల పొడుగునా దీపాలు వెలిగిస్తారు, చూసి తీరాలి. కానీ ఆ రోజు సైకిలు ఇంట్లో పెట్టి రండి, రోడ్డు మీద చోటుండదు. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయింది ఈ కొండ దాపునే. మేకలు మేస్తున్న ఆ నేలను చూస్తే నమ్మబుద్ధి కాదు. పాండ్రంగి అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు, 1897లో. ఊళ్ళోకి వెళ్ళి వచ్చే ఆ కొద్ది దూరం ఈ దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. నీడ ఉంటుంది, రోడ్డు కాస్త వాలుగా ఉంటుంది, పలకరించేవారు ఉంటారు. "ఏ ఊరు బాబూ?" అని అడుగుతారు. విశాఖ అంటే, "బస్సు దొరకలేదా?" అంటారు. అయిదేళ్ళయినా దీనికి సరైన జవాబు తట్టలేదు.

ఇక సైకిలు సంగతి. 28 మిల్లీమీటర్ల సన్నటి టైర్లతో మొదలుపెట్టాను, తప్పు. తారు లేచిన చోట, గ్రావెల్ పరిచిన చోట అవి పనికిరావు. 38కి మారిన తరువాత వేగం తగ్గిన మాట నిజమే, నడుము బతికింది. అసలు శత్రువు మాత్రం రోడ్డు కాదు, పల్లేరుకాయ. సంక్రాంతి తరువాత మొక్క ఎండి కాయలు రాలుతాయి. ఎటు పడినా ఒక ముల్లు పైకి నిలబడి ఉండటం దాని నైపుణ్యం. ఒక ఆదివారం ఒకే చక్రానికి అయిదు పంచర్లు తేలాయి. ట్యూబులో సీలెంటు (చిల్లులను లోపలి నుంచే పూడ్చే ద్రవం) పోయించిన తరువాత పంచర్లు బాగా తగ్గాయి, అయినా రెండు ట్యూబులు, చేతి పంపు లేకుండా బయలుదేరను. మరొక వింత ఇబ్బంది: కోతల కాలంలో ఉలవచేను పీకి రోడ్డు మీద పరుస్తారు, వెళ్ళే బండ్లే నూర్చిపెడతాయని. ఆ తీగ గేర్లలో చుట్టుకుంటే కూర్చుని చేత్తో లాగవలసిందే. అలా లాగుతుంటే ఒక పెద్దాయన వచ్చి సాయం పట్టి, తీగలోంచి రాలిన నాలుగు గింజలు కూడా ఏరుకుని వెళ్ళాడు. ఉప్పుగాలికి చెయిన్ రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వెయ్యకపోతే మళ్ళీ వారం కిర్రుమంటుంది.

తిండికి లోటు లేదు. వేసవిలో తాటిముంజెలు, చలికాలంలో తేగలు, రోడ్డు పక్క బండి మీద చోడి అంబలి. అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ వేసి ఇస్తారు. డబ్బాల్లో అమ్మే శక్తి పొడులన్నిటికన్నా నా కడుపుకు అదే పడింది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎనిమిది గంటలకల్లా ముగించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కూల్చిన చెట్ల చోట్లు కొన్ని ఇప్పటికీ నీడ లేకుండానే ఉన్నాయి.

నచ్చనివి ఇసుక ట్రాక్టర్లు. నది పక్క దారి కాబట్టే వాటి దారి కూడా అదే. తెల్లవారుజామున దీపాలు లేకుండా వస్తాయి, మలుపుల్లో ఇసుక రాల్చిపోతాయి. ఒకసారి ఆ ఇసుక మీద జారి మోచేయి చీరుకుంది. మేము ఇంట్లో తాగే నీటిలో కొంత ఈ నది నుంచే వస్తుంది, తాటిపూడి నుంచి కూడా. అందువల్లనో ఏమో, ఆ ట్రాక్టర్ల మీద కోపం మోచేతి గాయంతో పోలేదు. కుక్కల గురించి ఎక్కువ చెప్పను. దిగి నిలబడితే అవీ నిలబడతాయి.

పోల్చడానికి శారదా నది వైపు కూడా వెళ్ళాను. అనకాపల్లి చుట్టూ చెరకు తోటల మధ్య బాటలు బాగుంటాయి, బెల్లం వండే రోజుల్లో ఆ పాకం వాసనకు ఎవరైనా ఆగవలసిందే. కానీ అక్కడికి చేరడానికి గాజువాక మీదుగా లారీల మధ్య తొక్కాలి. ఒకసారి చాలనిపించింది.

ఇంత ప్రశాంతత ఎందుకున్నదో నాకు ఆలస్యంగా తెలిసింది. నేను మెచ్చుకునే ఒక దారి కాజ్‌వే దగ్గర ఆగుతుంది. వానల్లో అది మునిగిపోతుంది. అవతలి ఊరివారు రోజుల తరబడి చుట్టు తిరిగి వెళ్ళాలి. బస్సు రాదు, లారీ రాదు, అంబులెన్సు కూడా రాదు. వంతెన లేకపోవడం వల్లనే నా చెయిన్ చప్పుడు నాకు వినబడుతున్నది. ఈ మాట అక్కడ టీ కొట్టు నడిపే ముసలమ్మతో అనలేదు, అనకూడదు కూడా.

పోయిన నెల వెళ్ళినప్పుడు కాజ్‌వే పక్కన నదిలో స్తంభాలు లేచి ఉన్నాయి. ఆమె గ్లాసు అందిస్తూ, "ఎన్నో లెక్కపెట్టు బాబూ, నాకు కళ్ళు ఆనవు," అంది. లెక్కపెట్టి చెప్పాను. వచ్చే వానలకు మనవరాలు బస్సులో బడికి వెళ్తుందని మురిసిపోయింది. టీ తాగి, డబ్బులిచ్చి, ఇంకా ఎగువన నదిని దాటే చోటు ఏదైనా ఉందా అని అడిగాను.