మిషన్ ఆసుపత్రికి నీటి ఎద్దడి: బోరా, ట్యాంకరా, ఆర్వో రిజెక్ట్ నీళ్లా?

ఎండాకాలంలో ఊళ్లో ఎవరింట నీళ్లు ఆగినా ఆసుపత్రిలో ఆగకూడదు. ఇందులో రెండో మాట లేదు. పేచీ అంతా ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న దగ్గరే. క్యాథలిక్ ఆసుపత్రులకు ఇది ఒట్టి ఖర్చు లెక్క కాదు. సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషి హక్కని, అది అందని పేదలకు ఈ లోకం బాకీ పడి ఉందని పోప్ ఫ్రాన్సిస్ 2015లో ‘లౌదాతో సీ’ లేఖలో రాశారు. మన దగ్గర ఆ ఆసుపత్రులు పుట్టిందే పేదల కోసం. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లోరీ 1943లో మొదలుపెట్టిన సంఘమే ఇవాళ సికింద్రాబాద్ కేంద్రంగా ఇలాంటి ఆసుపత్రులను ఒక్కతాటి మీదికి తెస్తోంది.

అందరికీ ముందు తట్టేది ఇంకో బోరు, ఇంకాస్త లోతుగా. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి తెచ్చుకుంటే కాగితాల పని అయిపోతుంది. కానీ మన మోటారు లాగేది మన కాంపౌండ్ నీళ్లు మాత్రమే కాదు. గోడ అవతలి వీధిలో చేతిపంపు ఎండిపోతే వాళ్లు దొరికిన నీళ్లు తాగి, వాంతులు విరేచనాలతో మన వార్డుకే వస్తారు. అప్పుడు ఉచితంగా సెలైన్ ఎక్కించి సేవ అనుకుంటే ఎలా?

ట్యాంకర్‌తో వీధివాళ్లతో గొడవ ఉండదు, అంతే. ఆ నీళ్లూ ఏదో ఊరి బోరులోవే. పైగా ప్రతి లోడుకీ క్లోరిన్ పరీక్ష చేయాలి. అత్యవసరానికి సరే, ఏడాదంతా దాని మీదే నడవడం తప్పు.

నా ఓటు మూడోదానికి, అంటే ఆర్వో ప్లాంటు నీళ్లు శుద్ధి చేసేటప్పుడు పక్కకు వదిలేసే రిజెక్ట్ నీళ్లకి. డయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలంటే ఒక్క పేషెంటుకు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు. అన్ని నీళ్లు తయారు చేయడానికి చాలా ఆర్వో ప్లాంట్లు దాదాపు అంతే నీటిని, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, డ్రైనేజీలోకి వదిలేస్తాయి. ఆ రిజెక్ట్ నీళ్లు రోగిని తాకినవి కావు, వాటిలో ఉప్పు ఎక్కువ, అంతే. (మెషిన్ నుంచి బయటికొచ్చే వాడిన ద్రవం వేరు, దాన్ని ఇందులో కలపకూడదు.) ఫ్లష్ ట్యాంకులకు, ఫ్లోర్ తుడవడానికి అవి భేషుగ్గా సరిపోతాయి. మొక్కలకు పోసే ముందు మాత్రం టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములన్న లెక్క) చూసుకోవాలి. వచ్చే నీళ్లే 1500 ఉంటే, సగం వదిలేసే ప్లాంటులో రిజెక్ట్ 3000 దాకా పోతుంది, తోట మాడిపోతుంది. పాత బిల్డింగులో వేరే పైప్‌లైన్ వేయించడం తలనొప్పే, కాదనను. తాగే లైనుతో ఎక్కడా కలవకుండా వేరే రంగు పైపులు వేయించాలి.

పొదుపు పేరుతో చేతులు కడిగే కుళాయిల జోలికి మాత్రం వెళ్లకండి. వాడని లైన్లలో నీళ్లు నిలవుంటే లీజియొనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది, అందుకే వాటిలోనూ అప్పుడప్పుడూ నీళ్లు వదిలి కడుగుతూ ఉండాలి.

ఇంత చేసినా బోరు తప్పదంటే వేయించండి. కాకపోతే ఒక కుళాయి గోడ అవతలికి పెట్టించి, దాని కరెంటు బిల్లు ఆసుపత్రే కట్టాలి.